మందు తగ్గించి తూటా కట్టుకుంటే చప్పుడు తగ్గుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, టెక్సాస్‌లో ఉన్న మీ బావ గ్యారేజీలో కూర్చుని సబ్‌సోనిక్ (ధ్వని కన్నా నిదానంగా పోయే) తూటాలు తనే తయారు చేసుకుంటాడు, అతను పంపిన వీడియోలో రైఫిల్ పేలితే చప్పట్లు కొట్టినంత చప్పుడు కూడా రాలేదు. అలాంటిది ఇక్కడ మనమూ చేసుకోవచ్చా, లేకపోతే ఇరుగుపొరుగుకు వినపడకుండా ఇంట్లో ప్రాక్టీసు చేసే దారి ఇంకేదైనా ఉందా అని అడిగారు.

మొదటిదానికి నా జవాబు, వద్దు అని. రెండోదానికి దారి ఉంది. నాది విజయవాడ మొగల్రాజపురం. ఆరేళ్లుగా డాబా మీద పది మీటర్ల దూరానికి ఎయిర్ రైఫిల్ (మందు లేకుండా గాలి ఒత్తిడితో గుండును తోసే తుపాకీ) కాలుస్తున్నాను. తూటాలు కట్టడం నేను ఎప్పుడూ చేయలేదు కానీ, డాలస్ దగ్గర మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో రెండు నెలలున్నప్పుడు పక్కన కూర్చుని చూశాను. కాబట్టి రెండింటి గురించీ కొంత చెప్పగలను.

ముందు ఆ చప్పట్ల రహస్యం. తుపాకీ పేలితే మనకు వినపడేది ఒకటే శబ్దం అనిపిస్తుంది గానీ అందులో రెండు ఉంటాయి. ఒకటి బ్యారెల్ చివర నుంచి మందు వాయువులు ఒక్కసారిగా బయటికి రావడం వల్ల వచ్చే పేలుడు. రెండోది బుల్లెట్టే (తూటాలోంచి ఎగిరి వెళ్లే గుండు) చేసే శబ్దం. చప్పుడు గాలిలో 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. బుల్లెట్ అంతకన్నా వేగంగా వెళితే దారి పొడవునా చెళ్లుమంటూ వెళుతుంది. ఒంటి మీద కొరడాతో కొట్టుకుంటూ వీధుల్లోకి వచ్చేవాళ్లను చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆ కొరడా చెళ్లుమనేది కూడా దాని కొస ధ్వని వేగాన్ని దాటడం వల్లే. సబ్‌సోనిక్ అంటే ఈ రెండో శబ్దం లేకుండా చేయడం, అంతే. మొదటిది అలాగే ఉంటుంది. మీ బావ వీడియోలో అది కూడా వినపడలేదంటే బ్యారెల్ చివర సైలెన్సర్ ఉన్నట్టు. టెక్సాస్‌లో అది కాగితాలు పెట్టి కొనుక్కోవచ్చు. మన దగ్గర చప్పుడు తగ్గించే పరికరం మామూలు లైసెన్సు మీద దొరికే వస్తువు కాదు, ఆ ఊసే ఎత్తొద్దు.

డాలస్ అన్నయ్య వాడేది పాయింట్ 300 బ్లాకౌట్. 2011లో అమెరికా పరిశ్రమ ప్రమాణాల్లో చేరిన తూటా అది. దాని ప్రత్యేకత ఏమిటంటే మామూలు వేగానికి 110, 125 గ్రెయిన్ల (మందును, బుల్లెట్లను తూచే చిన్న కొలత) తేలిక బుల్లెట్లు, నిదానంగా పోవడానికి 200 గ్రెయిన్లు దాటిన బరువైనవి, రెండూ ఒకే రైఫిల్లో పడతాయి. 220 గ్రెయిన్లు అంటే సుమారు 14 గ్రాములు. వేగం తగ్గిస్తే బలం తగ్గుతుంది కాబట్టి ఆ లోటును బరువుతో పూడుస్తారు. బరువైన బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది, పొడుగు బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపల దాన్ని తిప్పే గాడుల మెలికలు దగ్గర దగ్గరగా ఉండాలి. లేకపోతే అది అడ్డం తిరిగి, కాగితం మీద గుండ్రని చిల్లు బదులు తాళంచెవి రంధ్రంలాంటి చిల్లు పెడుతుంది. పైగా సెకనుకు 310 మీటర్ల వేగంతో బయల్దేరిన బుల్లెట్ వంద మీటర్లు చేరేసరికి బ్యారెల్ గీత కన్నా అర మీటరు పైనే కిందికి దిగుతుంది. చప్పుడు తగ్గిందని సంతోషించేలోపు గురి లెక్కలన్నీ మారిపోతాయి.

"మందు కొంచెం తగ్గిస్తే సరిపోదా?" అని మీరు అడిగిందే నేనూ అన్నయ్యను అడిగాను. (మందు అంటే తుపాకి మందే, ఆదివారం సాయంత్రం అన్నయ్య ఫ్రిజ్‌లోంచి తీసేది వేరు.) అతను నవ్వి, తన త్రాసు చూపించాడు. గ్రెయిన్లో పదో వంతు తేడాను పట్టే త్రాసు. ఒక గ్రెయిన్ అంటేనే 65 మిల్లీగ్రాములు. పెద్ద తూటాలో మందు తగ్గిస్తే లోపల ఖాళీ మిగులుతుంది. తుపాకీ కిందికి వంచి పైకెత్తారా, మందు ముందుకు జారిందా వెనక్కి జారిందా అన్నదాన్ని బట్టి వేగం మారిపోతుంది. పోనీ తక్కువ చోటు పట్టే, త్వరగా మండే మందు వేద్దామంటే, పొరపాటున ఒకే తూటాలో రెండుసార్లు పోసినా పొర్లిపోదు, కంటికి తెలియదు. అది పేలితే రైఫిల్ పగులుతుంది.

నా కళ్ల ముందు జరిగింది ఇంకోటి. రేంజిలో అన్నయ్య పదిహేనో పదహారో తూటా కాల్చాడు. వరసగా వస్తున్న శబ్దం కన్నా ఆ ఒక్కటి కాస్త మెత్తగా "టప్" అంది. నాకైతే తేడా తెలియనే లేదు. అతను చేయి పైకెత్తి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి, రైఫిల్ ఖాళీ చేసి బోల్టు ఊడదీశాడు. బ్యారెల్లోంచి వెలుతురు కనపడలేదు. ఇత్తడి కడ్డీ పెట్టి తడితే లోపల బుల్లెట్ ఇరుక్కుని ఉంది. ఆ తూటాలో మందు పోయడమే మర్చిపోయాడు, తూటా వెనక ఉండి మందును అంటించే ప్రైమర్ ఒక్కటే ఆ బుల్లెట్‌ను బ్యారెల్లోకి తోసింది. దాని వెనక ఇంకో తూటా కాల్చి ఉంటే బ్యారెల్ చీలి ఉండేది. మామూలు తూటాలైతే ఆ తేడా చెవికి ఇట్టే తెలిసిపోతుంది. అన్నీ మెత్తగా పేలేచోట, ఒకటి మరీ మెత్తగా పేలిందని గుర్తుపట్టడం కష్టం. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాడి చెవి కాబట్టి ఆగింది. ఆ రోజు ఇంటికెళ్లాక మిగిలిన తూటాలన్నీ ఒక్కొక్కటే తూచాడు. భోజనం కూడా చల్లారిపోయింది.

ఇక మన చట్టం. 1959 ఆయుధాల చట్టంలో ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్సు కావాలి. తుపాకీకి లైసెన్సు ఉంది కదా అని తూటా కట్టుకోవడం కుదరదు. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. కాబట్టి మీ బావ నేర్పిస్తానన్నా ఆ విద్య అక్కడే ఉండనివ్వండి. మీరు పాయింట్ 22 అనే చిన్న తూటా గురించి కూడా అడిగారు. అసలు పాయింట్ 22ను తిరిగి నింపడం మామూలుగా కుదరదు, ప్రైమర్ మందు తూటా అంచు మడతలోనే ఉంటుంది. దానికి ఆ అవసరమూ లేదు. 50 మీటర్ల పోటీల్లో వాడే మ్యాచ్ తూటాలు సెకనుకు 320, 330 మీటర్ల దగ్గరే ఉంటాయి. అది చప్పుడు కోసం చేసింది కాదు. ధ్వని వేగాన్ని దాటి మళ్లీ కిందికి వచ్చేటప్పుడు బుల్లెట్ తడబడుతుంది, ఆ తడబాటు లేకుండా ఉండాలని. మీకు నిజంగా పాయింట్ 22 మీద ఆసక్తి ఉంటే గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బులో చేరండి, రేంజి, తూటాలు అన్నీ ఆ దారిలోనే వస్తాయి.

ఇంట్లో ప్రాక్టీసుకు ఎయిర్ రైఫిలే. 4.5 మిల్లీమీటర్ల బోరు (బ్యారెల్ రంధ్రం), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు షాపులో గుర్తింపు కార్డు చూపించండి, బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. ఇక సబ్‌సోనిక్ లెక్క మీరే వేసి చూడొచ్చు. మామూలు సీసం పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) 0.53 గ్రాములు ఉంటుంది. పూర్తిగా 20 జౌళ్లు పెట్టి తోసినా సెకనుకు 275 మీటర్లే పోతుంది. పది మీటర్ల పోటీ రైఫిల్ అయితే 170, 175 దగ్గర ఉంటుంది. అంటే మీరేమీ చేయకుండానే అది సబ్‌సోనిక్. వేగం ఎక్కువని అట్ట మీద పెద్ద అక్షరాలతో అమ్మే తేలిక లోహపు పెల్లెట్లు మాత్రం కొనకండి. 0.32 గ్రాముల దాన్ని అదే శక్తితో తోస్తే 350 దాటుతుంది. మన మే నెల 40 డిగ్రీల్లో ధ్వని వేగం 355కి పెరుగుతుంది కాబట్టి ఊరుకుంటుందేమో గానీ, డిసెంబరు ఉదయం 18 డిగ్రీల్లో అది 342 మాత్రమే. అప్పుడు చెళ్లుమంటుంది. గురి కూడా చెదురుతుంది.

నేను చేసిన తప్పు ఇంతకన్నా మొద్దుది. మొదటి ఏడాది స్ప్రింగ్ రైఫిల్ బిగుసుకున్నట్టు అనిపించి, మా అమ్మ కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు గాలి వచ్చే రంధ్రంలో వేశాను. మర్నాడు ట్రిగ్గర్ నొక్కితే లక్ష్మీబాంబు పేలినట్టు పేలింది, బ్యారెల్లోంచి పొగ, కాలిన నూనె వాసన. స్ప్రింగ్ గాలిని నొక్కితే అది వేడెక్కి నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్ నడిచేదీ ఈ పద్ధతిలోనే. మా ఇంటి వెనకే కొండ. ఆ చప్పుడు రాయికి కొట్టుకుని మళ్లీ వచ్చింది. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగి చూసి "దీపావళికి ఇంకా రెండు నెలలుంది కదయ్యా" అన్నారు. సీలు పాడై రిపేరుకు పన్నెండు వందలు అయ్యింది.

అసలు నాకు కళ్లు తెరిపించింది కూడా ఆ పిన్నిగారే. రైఫిల్ బాగయ్యాక పది రోజులకు ఆవిడ మా అమ్మతో, "పైన రేకులు కొట్టిస్తున్నారా, పొద్దున్నే టంగు టంగుమంటోంది" అన్నారట. నేను రైఫిల్ చప్పుడు గురించి టెన్షన్ పడుతుంటే ఆవిడకు వినపడుతున్నది పెల్లెట్ వెళ్లి టార్గెట్ వెనక పెట్టిన ఇనప పెట్టెకు తగిలే చప్పుడు! రైఫిల్ శబ్దం నా చెవి పక్కనే ఉంది కాబట్టి నాకు అదే పెద్దది. అవతల ఇంటికి అది ఒక తలుపు వేసినంత.

దాంతో పెట్టె మీద పడ్డాను. మొదట పాత పేపర్లు కూరాను. వారం రోజుల్లో మధ్యలో సొరంగం పడి పెల్లెట్లు మళ్లీ రేకుకే తగిలాయి. తర్వాత బంకమట్టి మెత్తాను. చప్పుడైతే భలేగా తగ్గింది, పెల్లెట్ "తుప్" అని దిగబడేది. కానీ ఏప్రిల్ ఎండకు బీటలు వారి ఒక రోజు మొత్తం పెళ్లలుగా ఊడి పడింది. చివరికి ఆటోనగర్లో టైరు రీట్రేడింగ్ షాపులో పాత టైరును గీకినప్పుడు రాలే రబ్బరు పొట్టు చూశాను. అడుగున్నర చదరం, ముప్పావు అడుగు లోతు ఉన్న చెక్క పెట్టె చేయించి, వెనక ఇనప రేకు అలాగే ఉంచి, లోపల ఆ పొట్టును కాలితో తొక్కి మరీ కూరాను. ముందు అట్ట, దాని మీద టార్గెట్ కాగితం. పెట్టె కింద నాలుగు మూలలా పాత హవాయి చెప్పుల ముక్కలు పెట్టాను, లేకపోతే ఆ దెబ్బ డాబా శ్లాబులోంచి కింది గదికి దిగుతుంది. స్ప్రింగ్ రైఫిల్ అదురు కూడా అంతే, నిలబడే చోట మందపాటి కొబ్బరి పీచు పట్టా వేసుకోండి. ఇప్పటికి నాలుగేళ్లు, అట్ట మారుస్తుంటాను, అప్పుడప్పుడు పైన ఇంకాస్త పొట్టు వేస్తాను.

పెట్టె వెనక గోడ ఉండాలి, పిట్టగోడ ఎత్తు చాలదు. నాకు మెట్ల గది గోడ కలిసొచ్చింది. దానికి డాబా మీదికి ఒక్కటే తలుపు, కాల్చేముందు డాబా వైపు నుంచి గొళ్లెం పెడతాను. పెల్లెట్లు సీసం కాబట్టి అయిపోగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, పెట్టె శుభ్రం చేసేటప్పుడు పిల్లల్ని పైకి రానివ్వకండి.

రబ్బరు పొట్టు గుంటూరులో కూడా రీట్రేడింగ్ చేసే ఏ షాపులోనైనా దొరుకుతుంది. నాకు ఊరికే ఇచ్చారు, టీకి డబ్బులిచ్చాను. అందులో టైరు తీగ ముక్కలుంటాయి, పాత అయస్కాంతం తిప్పి ఏరేయండి. గోనె సంచి మాత్రం మీరే తీసుకెళ్లండి, వాళ్లు ఇవ్వరు.