ముందు ఒక్క వీధి పూర్తి చెయ్యండి

అమలాపురం

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. నరసాపురంలో మీ చేపల బజారు పిల్లులకి కు.ని. (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్లు చేయించాలని మీ నలుగురూ అనుకుంటున్నారని చదివి చాలా సంతోషం వేసింది. ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేశాను. గేదెకున్న విలువ పిల్లికి ఎవరూ ఇవ్వగా చూడలేదు. పిల్లలు పెట్టగానే గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలేసి వస్తారు. చంపితే పాపం చుట్టుకుంటుందని భయం, వదిలేస్తే అంటదని నమ్మకం. కళ్ళు తెరవని కూనలు ఆ గట్టు మీద ఎలా పోతాయో నేను చూశాను. అందుకే ఈ పని మీరు సగంలో ఆపకూడదని నా ఆశ.

ఊరంతా ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క వీధి ఎంచుకుని, అక్కడున్న ఆడపిల్లులన్నిటికీ అయ్యేదాకా పక్క వీధిలో అడుగు పెట్టకండి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకి రావచ్చు. తొమ్మిది వారాలకి పిల్లలు పెడుతుంది. ఆ కూనలు పాలు తాగుతుండగానే మళ్ళీ చూలు కడుతుంది. మన ఎండలకి దానికి సీజనంటూ పెద్దగా లేదు. పదింటిలో ఆరింటికి చేయించి వదిలేస్తే, మిగిలిన నాలుగూ ఏడాది తిరక్కుండానే మళ్ళీ వీధి నింపేస్తాయి. పట్టుకెళ్ళి దూరంగా వదిలినా ఇంతే. చేప తలకాయలు దొరికే చోటికి ఇంకో పిల్లి వచ్చి చేరుతుంది.

మొదటి వారం బోను బయటికి తియ్యద్దు. నోట్‌బుక్ పట్టుకుని తెల్లారకుండా బజారుకెళ్ళి, చేపలు కోసే ఆడవాళ్ళ దగ్గర కూర్చో. ఏ పిల్లి ఎవరి బల్ల కిందికి వస్తుందో, ఏది ఎప్పుడు ఈనిందో వాళ్ళకి తెలిసినంత డాక్టరుగారికి కూడా తెలియదు. మూడు రంగులున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే, అది ముందు రాసుకో. రోజూ పెరుగన్నం పెట్టే మామ్మగారు ఎవరో ఒకరు ఉంటారు. ఆవిడకి చెప్పకుండా పిల్లిని ఎత్తుకెళితే వీధంతా మీకు ఎదురు తిరుగుతుంది. ఆవిడ ఒప్పుకుంటే ముందురోజు రాత్రి తిండి ఆపేది కూడా ఆవిడే.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి బూడిదరంగు పిల్లిని పట్టి, చూసుకోకుండా ఆపరేషన్‌కి ఇచ్చి, రెండు రోజులు బోనులోనే ఉంచాను. రెండో రోజు రాత్రి ఒక ఇంటి అటక మీంచి సన్నగా అరుపులు వినబడ్డాయి. నిచ్చెన వేసుకుని ఎక్కితే పాత చాపచుట్టలో మూడు కూనలు. ఒకటి అప్పటికే బిగుసుకుపోయింది. బోను కాస్త పైకెత్తి కింద నుంచి చూసుంటే చనుమొనలు ఉబ్బి, చుట్టూ బొచ్చు రాలిపోయి కనబడేవి. నువ్వు ప్రతిసారీ అలా చూడు. పాలిచ్చే తల్లయితే అక్కడే వదిలెయ్యి. పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, అవి ఎక్కడున్నాయో ఆరా తీసి, సొంతంగా తినడం మొదలెట్టాక తల్లిని పట్టండి.

ఎరకి ఎండు నెత్తళ్ళు చాలు. పిల్లి పడగానే బోను మీద దుప్పటి కప్పండి, చీకటి పడితే కొట్టుకోదు. పెద్దపిల్లికి రాత్రి నుంచి తిండి ఉండకూడదు. మత్తులో కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూనల్ని మాత్రం అంతసేపు పస్తు పెట్టద్దు, ఎన్ని గంటలో డాక్టరుగారినే అడగండి. కరిగే కుట్లు వెయ్యమనండి. రేబీస్ టీకా అప్పుడే వేయించి, మత్తులో ఉండగానే చెవి కొన కొంచెం కత్తిరించమనండి. దూరం నుంచే ఆపరేషన్ అయిందని తెలుస్తుంది, ఇంకోసారి కోత తప్పుతుంది. తర్వాత మగపిల్లిని ఒక రోజు, ఆడపిల్లిని రెండు రోజులు పొడిచోట ఉంచి, పట్టిన చోటే వదలండి.

నొప్పిగా ఉందేమోనని జాలిపడి ఎవరైనా పారాసెటమాల్ వేస్తారేమో, కాపలా కాయి. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కలకి వాడే పెర్‌మెత్రిన్ గోమారి మందు కూడా అంతే ప్రమాదం. కూనలకి వాంతులు పట్టుకుని వరసగా చనిపోతుంటే పార్వో అనే అంటుజబ్బు అనుకుని ఆ బోను వేరే పిల్లికి వాడద్దు. ఆ క్రిమి నెలల తరబడి బతుకుతుంది, బ్లీచింగ్‌తో కడగాలి. మీలో ఎవరికైనా పన్ను దిగినా, గోరు గీరుకున్నా, సబ్బుతో పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. ఇందులో మొహమాటం వద్దు.

సార్వా (వానాకాలం పంట) నాట్ల ముందు ఎలుకల మందు ఏ రోజు పెడతారో చుట్టుపక్కల రైతుల్ని అడిగి రాసుకో. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ తిరుగుతుంది. దాన్ని తిన్న పిల్లికి నాలుగైదు రోజులకి ముక్కు నుంచి రక్తం పడుతుంది. దానికి విరుగుడు విటమిన్ కె1 ఉంది, ఆలస్యం చేయకుండా తీసుకెళితే బతుకుతుంది. చచ్చిన ఎలుకల్ని పాతిపెట్టమని రైతుల్ని బతిమాలు, వాళ్ళు వింటారు.

వరదల నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మనుషులు పడవలెక్కారు, పిల్లులు కప్పుల మీదే ఉండిపోయాయి. పచ్చి కుట్లతో ఉన్న పిల్లి ఆ నీళ్ళలో ఏమవుతుందో ఆలోచించు. 10 లక్షల మొదటి హెచ్చరిక రాగానే బోనులు లోపల పెట్టెయ్యండి. దాళ్వా (రెండో పంట) రోజుల్లో మొదలుపెడితే చేతినిండా సమయం ఉంటుంది.

నా పాత బోను బస్సులో వేయిస్తున్నాను. తలుపు స్ప్రింగు గట్టిగా పడుతుంది. తోక నలగకుండా అంచుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టించు.

మీ పెదనాన్న