మర్మోట్ ఆర్నెల్లూ నిద్రలోనే ఉంటుందా?

ప్రశ్న: సార్, మర్మోట్ అనే జంతువు ఆర్నెల్లు బొరియలో పడి నిద్రపోతుందంట కదా, అన్నాళ్ళు తిండీ నీళ్ళూ లేకుండా ఎలా బతుకుతుంది? మధ్యలో ఒక్కసారి కూడా లేవదా? మా అబ్బాయేమో ఇది కుంభకర్ణుడి చుట్టమా అంటున్నాడు.

జవాబు: చుట్టమే కానీ రివర్స్ అండీ, ఆయన లేచాక తింటాడు, ఇది ముందే తినేసి పడుకుంటుంది. మర్మోట్ ఉడుత కుటుంబంలోదే, కాకపోతే పిల్లి అంత ఉంటుంది. ఆల్ప్స్, లద్దాఖ్, మంగోలియా, ఉత్తర అమెరికా అన్నీ కలిపి 15 రకాల దాకా ఉన్నాయి. వేసవంతా గడ్డీ పూలూ మేసి కొవ్వు పట్టిస్తుంది, ఎండుగడ్డి నోట కరుచుకుని లోపలికి మోస్తుంది, అది చూసి తిండి దాచుకుంటోంది అనుకుంటారు గానీ అది పరుపు. తర్వాత మట్టీ రాళ్ళతో లోపల్నించే దారి మూసేసి కుటుంబమంతా ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి (అమెరికాలో గ్రౌండ్‌హాగ్ అనే రకం మర్మోట్ మాత్రం ఒంటరిది).

అసలు సంగతేంటంటే ఇది మనం పోయే నిద్ర కాదు. ఆల్ప్స్ మర్మోట్ ఒంటి వేడి 38 డిగ్రీల నుంచి 5 దగ్గరికి దిగిపోతుంది, నిమిషానికి 200 సార్లు దాకా కొట్టుకునే గుండె నాలుగైదు సార్లే కొట్టుకుంటుంది, అంటే ఇంజన్ దాదాపు ఆపేసినట్టే, అందుకే కొవ్వు అన్ని నెలలు సరిపోతుంది, ఆ కొవ్వు కరిగేటప్పుడే కాస్త నీరు కూడా పుడుతుంది. మధ్యలో లేవదా అంటే లేస్తుంది! రెండు మూడు వారాలకోసారి ఒళ్ళు మళ్ళీ మామూలు వేడికి తెచ్చుకుంటుంది, చలికాలపు కొవ్వులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఇక్కడే. దీని దగ్గరి బంధువులైన నేల ఉడుతల మెదడు తరంగాలు చూస్తే, అలా వెచ్చబడ్డాక గాఢ నిద్రలోకి జారుకుంటాయని తెలిసింది. నిద్రపోడానికే నిద్ర లేవడం అన్నమాట, మీవాడికి ఇది చెప్పండి.

పిల్లలకే కష్టం, ఒళ్ళు చిన్నది కదా వేడి త్వరగా పోతుంది. తండ్రీ అన్నలూ చుట్టూ పడుకుని వెచ్చగా ఉంచితే ఎక్కువ బతుకుతాయి.

ప్రశ్న: లద్దాఖ్‌లో టూరిస్టులు వీటికి బిస్కెట్లు పెడుతున్న వీడియోలు చూశాను, మేమూ పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. దాని చలికాలం గడిచేది మొక్కల నుంచి వచ్చే కొవ్వుతో, మైదా బిస్కెట్ దానికి తిండి కాదు. పైగా కొన్ని చోట్ల మర్మోట్ల ఒంటిమీద ఉండే ఫ్లీస్ అనే పురుగులు ప్లేగు మోస్తాయి, 1910-11లో మంచూరియాలో (ఈశాన్య చైనా) వేలమందిని చంపిన ప్లేగు, తోలు కోసం వీటిని వేటాడినవాళ్ళ నుంచే మొదలైందంటారు. దూరం నుంచి ఫొటో తీసుకోండి. అది గట్టిగా ఈల వేసిందంటే మీరు మరీ దగ్గరికొచ్చేశారని మిగతావాటికి చెప్తోందన్నమాట.