తలకు దెబ్బ తగిలితే మనసు గురించి కూడా చెప్పాలా?

ప్రశ్న: నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. సీజన్ మొదట్లో కంకషన్ గురించి అరగంట క్లాసు తీసుకుని తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, వెంటనే ఆట ఆపేయడం ఇవన్నీ చెబుతాను. ఇప్పుడు డిప్రెషన్, ఆందోళన కూడా చేర్చమంటున్నారు. పదమూడేళ్ల పిల్లలకు లేనిపోని భయం పెట్టినట్టు కాదా?

జవాబు: కాదండీ, చేర్చండి. కంకషన్ అంటే కుదుపుకి మెదడు పనితీరు కొన్నాళ్లు గాడి తప్పడం, అందుకే స్కాన్‌లో చాలాసార్లు ఏమీ కనిపించదు, ఎక్కువమందికి స్పృహ కూడా తప్పదు. కోపం, ఏడుపు, నిద్ర నడిచేదీ ఆ మెదడులోనే కదా! మీ లిస్టులో తలనొప్పి, వాంతులే ఉంటే, దెబ్బ తగిలిన వారానికి లేసు ముడి రాలేదని షూ విసిరికొట్టి, తలుపేసుకుని ఏడ్చిన పిల్లాడికి అది ఆ దెబ్బ వల్లేనేమో అని తట్టదు. ఇంట్లోవాళ్లు పొగరనుకుంటారు, వాడేమో తనకు పిచ్చెక్కుతోందని లోలోపల హడలిపోతుంటాడు.

డిప్రెషన్ అనే మాటతో మొదలుపెట్టకండి. ‘కొన్నాళ్లు చిన్నదానికే చిరాకు రావచ్చు, ఊరికే ఏడుపు రావచ్చు, అదీ దెబ్బలో భాగమే, నాతో చెప్పండి’ అంటే చాలు, రెండు నిమిషాల పని. చాలామంది పిల్లలకు నాలుగు వారాల్లోపే తగ్గిపోతుందని కూడా చెప్పండి. ముందునుంచే ఆందోళన, దిగులు ఉన్నవాళ్లు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పట్టొచ్చు కాబట్టి ఆ సంగతి తల్లిదండ్రుల్ని విడిగా అడగండి, నలుగురిలో వద్దు.

దిగులంతా దెబ్బ వల్లే రాదు, జట్టుకు దూరమైనందుకూ వస్తుంది. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రీడా కంకషన్లపై జరిగిన సదస్సు నిపుణులు కూడా మొదటి 24 నుంచి 48 గంటలు కాస్త విశ్రాంతి తీసుకుంటూనే నడక లాంటి తేలికపాటి కదలిక మంచిదన్నారు. అందుకే ఆడకపోయినా గ్రౌండ్‌కి రమ్మనండి, స్కోరు రాయమనండి. (డాక్టర్ సరే అనేదాకా ఆట మాత్రం వద్దు. బతిమాలతారు, కరిగిపోకండి.) ‘తలనొప్పి ఉందా’ అంటే ఆడనివ్వరని ఠక్కున లేదంటారు, ‘రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్, క్లాసులో పాఠం ఎక్కుతోందా’ అని అడిగి చూడండి.

నాలుగు వారాలు దాటినా దిగులు పోకపోతే మళ్లీ డాక్టర్‌కి చూపించాలి. చచ్చిపోవాలనుంది లాంటి మాట ఒక్కసారి నోట వచ్చినా వారాలు లెక్కపెట్టకండి, ఒంటరిగా వదలకుండా వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి.