బ్రూనో బూడిద వేసిన మందార ఎండిపోతోందా?

అక్కా, చనిపోయిన మా కుక్క బ్రూనో గుర్తుగా వాడి బూడిదంతా మందార కుండీలో పోశా, పది రోజులకే ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి, వాడికి నామీద కోపమేమో అని మీరన్నారు, అయ్యో అదేం కాదు. దహనం బూడిదలో ఉప్పు, క్షారం బాగా ఎక్కువ, వేర్లు తట్టుకోలేవు, మందారకేమో కాస్త ఆమ్ల గుణమున్న మట్టి కావాలి. ఇవాళే మెల్లగా మొక్క తీసి వేర్లు మంచినీళ్లతో కడిగి, కొత్త ఎర్రమట్టి వర్మీకంపోస్టు కలిపి వేరే కుండీలో పెట్టి నాలుగు రోజులు నీడలో ఉంచండి. పాత మట్టి పారెయ్యొద్దు, పెద్ద తొట్టికి గుప్పెడు కలిపితే చాలు, మిగతాది డబ్బాలో వాడి బెల్టుతో పాటు దాచుకోండి. మా కుక్క చింటూగాడి బూడిద డబ్బా అమ్మ దేవుడి గూట్లో పెట్టనివ్వలేదు, టీవీ కింద ఉంది, వాడు పడుకునేదీ అక్కడే లెండి.