పెరట్లో కొలను: పాఠకుల సందేహాలు

ప్రశ్న: పెరట్లో పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతున గొయ్యి తవ్వించి, రొయ్యల చెరువులకు వేసే నల్ల షీటు పరిచాం. వేసవంతా బాగానే ఉంది. ఆగస్టులో శుభ్రం చేద్దామని నీళ్లు తోడేస్తే షీటు మధ్యలో ఉబ్బి పైకి లేచింది. చిల్లు పడిందంటారా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: చిల్లే పడి ఉంటే నీరు లోపలికి చేరేది, షీటు లేచేది కాదు. దాన్ని ఎత్తింది ఊట. కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో ఊట కిందికి దిగుతుంది. జూన్‌లో కాలువలు వదిలి, ఊడ్పులు సాగి, వానలూ తోడయ్యాక పల్లపు ఊళ్లలో అడుగు, అడుగున్నర లోతులోనే నీరు తగులుతుంది. కొలను నిండుగా ఉన్నన్నాళ్లూ లోపలి బరువు షీటును అణిచి ఉంచింది. మీరు తోడేసరికి బయటి నీటిదే పైచేయి అయింది. ఇప్పటికి మెల్లగా నీళ్లు నింపి, మడతలు సర్దుతూ షీటును మళ్లీ కూర్చోబెట్టండి. కాలువలు పారుతున్నన్నాళ్లూ కొలను ఖాళీ చెయ్యొద్దు. మడ్డిని సైఫన్ గొట్టంతో లాగి, ఎంత నీరు పోయిందో అంతా వెంటనే పొయ్యండి.

శాశ్వతంగా బాగుపడాలంటే వచ్చే మే నెలలో కొలనును సగం పైకి తెచ్చుకోండి. అడుగు గొయ్యి, దాని చుట్టూ అడుగు ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ. అప్పుడు లోపలి నీటిమట్టం ఎప్పుడూ ఊట కన్నా ఎత్తులోనే ఉంటుంది. గోడ పైవరసను నాలుగు మూలలా లెవెల్ గొట్టంతో (నీళ్లు నింపి మట్టం చూసే పారదర్శక గొట్టం) సరిచూడాలి. ఒక మూల రెండంగుళాలు దిగినా నీళ్లు అక్కడి నుంచే పొర్లిపోతాయి, మిగతా మూడు వైపులా షీటు ఎండకు బయటపడుతుంది.

షీటు కొలతకు పొడవుకు రెండు లోతులు, రెండు వైపులా అడుగు చొప్పున అంచు కలపాలి: 10+4+2=16 అడుగులు. వెడల్పుకు 6+4+2=12. ఐదొందల మైక్రాన్ల మందం చాలు. మామూలు టార్పాలిన్ ఎండకు పెళుసెక్కి చిట్లిపోతుంది. కింద రెండంగుళాల జల్లించిన ఇసుక పరవండి. గోనెసంచులు, ఎండుగడ్డి వద్దు. అవి కుళ్లి గ్యాసు పుట్టి, ఊట లేకపోయినా షీటు ఉబ్బుతుంది. పందికొక్కుల బెడద ఉంటే ఇసుక కింద సన్న కన్నాల ఇనుప వల తప్పనిసరి. మన ప్రాంతంలో షీటుకు రాళ్లకన్నా వాటితోనే ఎక్కువ చేటు. గోడ మీదికి తెచ్చిన అంచు మీద చివరి ఇటుక వరస పెట్టి బిగించాలి. అయితే ముందు నీళ్లు నింపి ఒక రోజు ఆగి, షీటు సర్దుకున్నాకే బిగించండి. ఖాళీగా ఉండగా బిగిస్తే బరువుకు మూలల్లో సాగి చిరుగుతుంది.

ప్రశ్న: షీటు గొడవ లేకుండా సిమెంటుతో కట్టిస్తే?
– పాలకొల్లు పాఠకుడు

జవాబు: మీది నల్లమట్టి నేలైతే వద్దనే చెబుతాం. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. ఇనుము లేని సిమెంటు తొట్టెకు రెండు మూడేళ్లలో నెర్రెలు రావచ్చు. కట్టించి తీరాలనుకుంటే అడుగున, గోడల్లోనూ ఇనుప ఊచలు వేయించండి. కొత్త సిమెంటు నుంచి దిగే సున్నం చేపల్ని చంపుతుంది. నింపి వారం నిలవబెట్టి పారబొయ్యాలి. ఇలా మూడుసార్లు చేసి, పీహెచ్ (నీటిలో క్షారం ఎంతుందో చెప్పే కొలత) 8.5కి లోపు వచ్చాకే చేపలు వదలాలి.

ప్రశ్న: నీళ్లు పది రోజుల్లోనే పచ్చగా మారాయి. మందేమైనా ఉందా?
– రాజోలు నుంచి ఒకరు

జవాబు: మందు వద్దు. ఎండ, ఎరువు రెండూ నీళ్లలో ఎక్కువైతేనే పచ్చబడతాయి. కడియం నర్సరీల్లో కలువ దుంపలు దొరుకుతాయి. అడుగు వెడల్పు తొట్టెల్లో కాలువగట్టు ఒండ్రుమట్టి వేసి నాటి, పైన అంగుళం ఇసుక కప్పండి. వర్మీకంపోస్టు వెయ్యొద్దు, అదంతా నీళ్లలోకి దిగుతుంది. ఆకులు నీటి పైభాగంలో సగానికి పైగా కప్పాక పచ్చదనం దానంతటదే తగ్గుతుంది. గుర్రపుడెక్క మాత్రం ఒక్క మొక్క కూడా వద్దు. కాలువనీళ్లు పోస్తే గుడ్డలో వడగట్టి పొయ్యండి, లేకుంటే దాని పిలకలతో పాటు నత్తలూ వస్తాయి.

ప్రశ్న: దోమలకు, చిన్నపిల్లలకు ఏం జాగ్రత్త?
– తణుకు నుంచి ఒక తల్లి

జవాబు: పదిహేను ఇరవై గప్పీ చేపలు వదిలితే చాలు, దోమపిల్లల్ని తినేస్తాయి. మొదటి కొన్ని వారాలు మేత వెయ్యొద్దు. ఎక్కువైన గప్పీలను కాలువలో వదలకండి.

పిల్లలకు రెండడుగుల నీళ్లూ ప్రమాదమే. నడక వచ్చిన పిల్లలున్న ఇంట్లో నీటిమట్టానికి పైనే, పిల్లల బరువుకు నీళ్లలోకి దిగనంత బలమైన వెల్డెడ్ మెష్ (ఇనుప వల) బిగించండి. పంపు పెడితే దాని కనెక్షన్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాల్సిందే. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు తీసెయ్యండి.