1971 యుద్ధంలో ఆల్బర్ట్ ఎక్కా చేసిన పనేమిటి? పరమవీర చక్ర ఎందుకిచ్చారు?

ఎక్కా ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు గిరిజన కుర్రాడు. సైన్యంలో లాన్స్ నాయక్, అంటే సిపాయి కంటే ఒక్క మెట్టు పైన, అంతే. 14 గార్డ్స్ బెటాలియన్.

1971 డిసెంబరు మొదట్లో ఆ బెటాలియన్ అగర్తలా దగ్గర సరిహద్దు అవతల, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) ఉన్న గంగాసాగర్‌పై దాడి చేసింది. పాక్ సైనికులు బంకర్లలో గట్టిగా పాతుకుని ఉన్నారు. ఒక బంకర్‌లోని లైట్ మెషిన్ గన్ మనవాళ్లను కోస్తుంటే ఎక్కా నేరుగా దాని మీదికే ఉరికాడు. బయొనెట్‌తో ఇద్దరిని పొడిచి ఆ గన్ నోరు మూయించాడు. ఒంట్లో తూటా దిగినా ఆగలేదు.

అసలు కష్టం ఆ తర్వాతే. రెండంతస్తుల భవనం పైనుంచి ఇంకో మెషిన్ గన్, అదీ మీడియం రకం, మొదలైంది. గాయాలతోనే పాక్కుంటూ వెళ్లి గ్రెనేడ్ విసిరాడు. ఒకడు చచ్చాడు, గన్ మాత్రం ఆగలేదు. గోడ ఎక్కి లోపలికి దూకి, మిగిలినవాణ్ణి బయొనెట్‌తోనే ముగించాడు. గన్ ఆగింది. కాసేపటికే గాయాలతో ప్రాణం విడిచాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు.

ఆ యుద్ధంలో నలుగురికి పరమవీర చక్ర వస్తే, తూర్పు రంగం నుంచి ఇతనొక్కడే. రాంచీ వెళ్తే ఊరి నడిబొడ్డున ఆల్బర్ట్ ఎక్కా చౌక్ కనిపిస్తుంది.