మబ్బుల్లో ఎగరాలంటే అమెరికా శిక్షణా, యూరప్ శిక్షణా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయికి ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉంది. బయట ఏమీ కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత, అదే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, ఎక్కడ చేయిస్తే మేలండీ?

జవాబు: ముందు ఎక్కడ ఎగరాలనుకుంటోందో అడగండి. రేటింగ్ లైసెన్సును అంటిపెట్టుకుని ఉంటుంది. మన దేశంలో నమోదైన, వీటీ నంబరు విమానాన్ని మబ్బుల్లో నడపాలంటే అది మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్సు మీద ఉండాల్సిందే.

అమెరికాలో రాతపరీక్ష ఒక్కటే: 60 ప్రశ్నలు, 70 శాతం చాలు. 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయం కావాలి, అందులో కనీసం 15 గంటలు శిక్షకుడితో. కమాండ్‌లో, అంటే తనే ప్రధాన పైలట్‌గా, 50 గంటల క్రాస్ కంట్రీ (ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం) కూడా ఉండాలి. చిక్కు ఇక్కడే. ఆ 40లో మిగతా గంటలు, బయట గమనించే సేఫ్టీ పైలట్‌ను పక్కన పెట్టుకుని, బయట కనబడకుండా కళ్లకు హుడ్ తగిలించి ఎండలోనే పూర్తిచేయవచ్చు. అలా నేర్చినవాళ్లు 1,672 మీటర్ల దేవమాలి కొండ చుట్టూ జూలై మబ్బులో దూరితే పరికరాల మీద చూపు నిలవదు, దిక్కు తప్పుతుంది. అసలు మబ్బులో కొన్ని గంటలైనా ఇప్పించమని శిక్షకుణ్ని గట్టిగా అడగండి.

యూరప్‌లో చదువు బరువు. 7 సబ్జెక్టులు, ఒక్కోదానిలో 75 శాతం. సింగిల్ ఇంజన్‌కు సామర్థ్య ఆధారిత మార్గంలో (నైపుణ్యం చూసి రేటింగ్ ఇచ్చే పద్ధతి) 40 గంటలు, అందులో కనీసం 10 గుర్తింపు పొందిన స్కూల్లో. రేటింగ్ నిలబెట్టుకోవాలంటే ఏటా పరీక్షకుడి ముందు ఎగిరి చూపాలి. అమెరికాలో 6 నెలల్లో 6 అప్రోచ్‌లు (పరికరాలు చూసి రన్‌వే వైపు దిగడం), హోల్డింగ్ (గాల్లో ఒకచోట చక్కర్లు కొడుతూ ఆగడం), నిర్ణీత దారి పట్టి వెళ్లడం చేస్తే సరిపోతుంది. యూరప్‌లోని బేసిక్ రేటింగ్‌కు (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌లో తేలిక రకం) కనీస గంటల లెక్క లేదు గానీ, డెసిషన్ హైట్‌కు, అంటే రన్‌వే కనబడకపోతే దిగడం మానేయాల్సిన ఎత్తుకు, 200 అడుగులు కలుపుకోవాలి.

చదువు ఓపిక ఉంటే నా ఓటు యూరప్‌కే. అమెరికా అయితే మొదటి పాఠానికి ముందే అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి.